వాన చెవి పక్కన దీపం

నమోదు 311

ఈ పూట మొదటి పని తెర తుడవడం. బాయిలో బొగ్గు తవ్వడం మా తాతల కాలంలోనే ఆగిపోయింది. దుమ్ము మాత్రం ఇంకా డ్యూటీ దిగలేదు. పాత చీర ముక్కతో తుడిచి పటం తెరిచాను. ఒక్క గీత కూడా ఎర్రబడలేదు. అన్నీ పచ్చగా, పొందికగా ఉన్నాయి. అలా ఉన్నప్పుడే నాకు చిరాకు.

నా తర్వాత ఈ కుర్చీలో కూర్చునే వాళ్ల కోసం రాసి పెట్టాలన్నది నియమం కాబట్టి మొదటి నుంచి చెబుతున్నాను. కాగితం మీద నా హోదా ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్ట్. ఊళ్లో నన్ను పిలిచేది పటం వినోద అని. పూర్వం పైన కంపెనీలు ఉన్న రోజుల్లో వ్యాపారం ఒక దారిన, కంప్యూటర్లు ఇంకో దారిన పోయేవట. ఆ రెండింటినీ ఒక దారికి తేవడానికి ఇలాంటి పటాలు గీసేవాళ్లట. ఇక్కడ వ్యాపారం అంటే బతకడం, అంతే. పైన ఎండ మనుషుల్ని ఉండనివ్వకపోయేసరికి పాత బొగ్గుబాయిలోకి దిగిన ఊరు మాది. కరెంటు పైన పరిచిన పలకల నుంచి వస్తుంది. వాటి మీద ఇసుక పేరుకున్నకొద్దీ ఏటేటా తగ్గుతోంది. అందుకని బాయిలో తిరిగే ప్రతి యంత్రమూ ఎందుకు తిరుగుతోందో పటంలో కనిపించాలి. అడుగున యంత్రాలు, వాటి మీద వాటిని నడిపే ప్రోగ్రాములు, ఆ పైన మనుషుల పనులు, అన్నిటికంటే పైన ఊరి ఉద్దేశాలు. యంత్రం నుంచి ఉద్దేశం దాకా గీత పోవాలి. గీత లేనిది కరెంటు కోతలో పోతుంది.

ప్రతి పనికీ ఒక యజమాని పేరుంటుంది. కోతకు ముందు ఆ మనిషి సెల్లుకు ప్రశ్న వస్తుంది: ఈ పని ఇంకా కావాలా? కావాలి, వద్దు, రెండే మీటలు. కోత ముగిసేదాకా జవాబు మార్చుకోవచ్చు, చివర నొక్కిందే చెల్లుతుంది. వద్దన్నారో, ఆ షిఫ్టు సైరన్‌కు యంత్రం ఆగిపోతుంది.

ఇంకొకటి కూడా రాయాలి. మా ఊళ్లో ఎవరూ చచ్చిపోయారని అనరు. పటంలో వాళ్ల పేరు పక్కన చిన్న దీపం బొమ్మ పెడతాం. ఫలానా వాళ్లకు దీపం వచ్చింది అంటాం. ఆ పేరు ఏడాది దాకా తీయకూడదని మొదట అనుకున్నారట. ఏడాది తిరిగాక తీయడానికి ఎవరికీ చేతులు రాలేదు. వాళ్ల సెల్లు ఇంట్లోనే ఉంటుంది. ప్రశ్న వస్తే ఇంటివాళ్లు వాళ్ల తరఫున కావాలి అని నొక్కుతారు. దాన్ని గొంతు నిలపడం అంటారు, అలా నిలిపిన పని జోలికి కోత రాదు. నొక్కకుండా ఊరుకున్న ఇల్లు నేను చూడలేదు.

ఈ పొద్దు నేనూ నిలిపాను. పని, వాన చెవి. యజమాని, ఓదెలు. పేరు పక్కన దీపం. ఇంకా కావాలా? కావాలి. ఓదెలు నా భర్త.

నమోదు 314

వాన చెవి అంటే పెద్ద విద్యేమీ కాదు. బాయిలోకి దిగే షాఫ్టు పైమూత మీద ఒక రేకు బిగించి ఉంటుంది. దాని కింద మైకు. రేకు మీద ఏం పడ్డా ఆ చప్పుడు మొదటి లెవెల్ హాల్లోని స్పీకరులో వినిపించాలి. ఇన్నేళ్లుగా వినిపించింది గాలి హోరు ఒక్కటే. ఆ హోరు లేకపోతే ఊరి పిల్లలకు నిద్ర కూడా పట్టదు. రేకు మీద ఇసుక కప్పుకుంటే వాన పడినా తెలియదు కాబట్టి ఎవరో ఒకరు పైకి వెళ్లి తుడవాలి. అది ఓదెలు పని. ఒకసారి ఎండదెబ్బతో దిగివచ్చాడు, మళ్లీ మంచం మీది నుంచి లేవలేదు. ఆ తర్వాత మనిషి పోనక్కర్లేకుండా ఇసుకను ఊదే బ్లోయరు పెట్టారు. అది కరెంటును గటగటా తాగుతుంది. అయినా దాని గీత నేరుగా ఊరి మొదటి ఉద్దేశానికి పోతుంది: మళ్లీ పైకి వెళ్లి బతకడం. అందుకని దాని జోలికి ఎవరూ రారు.

పెళ్లయిన కొత్తలో ఓదెలు గిన్నె మూత బోర్లించి, గుప్పెడు జొన్నలు దాని మీద మెల్లగా జారవిడిచి నాకు వాన వినిపించాడు. తనూ వినలేదు. వాళ్ల అక్క చెప్పిన చప్పుడు అది. జొన్నలన్నీ నేల పాలయ్యాయని నేను గొడవపెట్టుకున్నాను. ఆ గొడవ తలుచుకుంటే ఇప్పుడు ఏడుపొస్తుంది.

ఆ అక్క సమ్మక్క. నాకు వదినె. మూడో లెవెల్లో ఒక్కతే ఉంటుంది. ఒకప్పుడు ఆ లెవెల్ నిండా జనమే, గాలి పంకా చూసుకునే పని ఆమెది. కరెంటు తగ్గినకొద్దీ అందరూ పైలెవెళ్లకు జరిగారు. ఆమె జరగలేదు. ఊపిరితిత్తుల నిండా దుమ్మే. రెండో లెవెల్ పొయ్యిల పొగ ఆమెకు అస్సలు పడదు. పోయిన ఏడు బలవంతాన నా గదికి తెచ్చుకుంటే రెండో పూటకే పెదాలు నల్లబడ్డాయి, ఎత్తుకుని మళ్లీ కిందికి పరుగెత్తాం. మూడో లెవెల్ పంకా పొగ కలవని గాలిని లాగుతుంది. ఆ పంకా ఉన్నంతసేపే సమ్మక్క.

ఈ పూట రాగి జావ తీసుకుపోయాను. పంకాకు ఎదురుగా మంచం వేసుకుని, వీపుకు మూడు దిండ్లు పెట్టుకుని కూర్చుంది.

"జావల ఉప్పెక్కువేసినవ్."

"నీకు ఎన్నడు సరిపోయింది వదినె?"

"సరిపోయిననాడు ఓదెలు చేసి తెచ్చిండు," అంది. మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంది. "స్పీకర్ల ఏమన్న ఇనొస్తుందా?"

"గాలే."

"గాలిని వెంటబెట్టుకొస్తదే వాన. ముందు గాలే వస్తది."

ఎప్పుడు వెళ్లినా అదే అడుగుతుంది, నేనూ అదే చెబుతాను.

నమోదు 317

మేనేజరు పోశం సార్ కోత జాబితా పంపాడు. ఈసారి కరెంటు ఎన్నడూ లేనంత తక్కువ పడింది. నియమం ప్రకారం, తక్కువ మందికి పనికొచ్చేది ముందు పోవాలి. జాబితాలో మొదటి వరుస: మూడో లెవెల్ గాలి పంకా. పనికొచ్చే మనుషులు, ఒకరు. అంత కరెంటు ఇంకెక్కడైనా మిగిలితే తప్ప ఆగిపోతుంది.

నాకు మతి పోయింది. పటం ముందు కూర్చుని గీత గీతా పట్టి చూశాను. అన్నీ పచ్చగానే ఉన్నాయి. ప్రతి యంత్రం మీదా పని ఉంది, ప్రతి పనికీ ఉద్దేశం ఉంది, ప్రతి ప్రశ్నకూ కావాలి అని జవాబుంది. ఇంత పొందికైన ఊరు పూర్వపు కంపెనీల్లో కూడా ఉండి ఉండదు. మరి కరెంటు ఎటు పోతోంది?

అప్పుడు దీపాలున్న పేర్లన్నీ ఒక పక్కకు లాగి చూశాను. పటంలో సగం దాకా అటు జరిగిపోయింది. ఇన్నాళ్లూ ఈ పని చేస్తూ ఒక్కసారి కూడా అలా చూడలేదు. ఎవరూ చూడరు. అలా విడదీయడమే తప్పన్నట్టు పెరిగాం. మల్లమ్మక్క కొడుకు ఐలయ్య లేతు మిషను ఉంది. వాడికి దీపం వచ్చి ఎన్నేళ్లయిందో, అది ఇంకా షిఫ్టుకోసారి వట్టినే తిరుగుతుంది. గీత మాత్రం 'మరమ్మతులు' దాకా పోయింది. పంటే లేని నారుమడికి నీళ్ల మోటారు ఉంది. పోశం సార్ నాన్న పెంచిన బంతితోటకు లైట్లు ఉన్నాయి. తోట ఎండిపోయింది, మట్టికి వెలుతురు పడుతూనే ఉంది. ఉద్దేశం: పండుగలు.

ఊరికీ యంత్రాలకూ పొందిక కుదిర్చానని ఇన్నేళ్లూ మురిసిపోయాను. కుదిరిన మాట నిజమే. కాకపోతే ఏ ఊరికి కుదిరిందో చూసుకోలేదు.

మధ్యాహ్నం మల్లమ్మక్క ఇంటికి పోయి మెల్లగా లేతు మాట ఎత్తాను. ఆమె నా పక్కగదే, అక్కా అని పిలిచేంత చనువుంది. చమురు డబ్బా చేతిలోనే ఉంది. మిషనుకు చమురు పెట్టి వస్తోంది.

"అది ఆపితె సమ్మక్క వదినెకు కొంత గాలొస్తది అక్కా."

ఆమె డబ్బాకు మూత బిగించింది. "నీ ఇంట్ల నువ్వు ఆపి వచ్చి, అప్పుడడుగు చెల్లె," అంది. కోపం లేదు ఆ మాటలో. అదే కష్టం.

నమోదు 319

పోశం సార్ గదికి పోయాను. మంచి మనిషే. అందరికీ మంచి చేయాలని చూసి ఏదీ తేల్చడు. కూర్చోమన్నాడు.

"సార్, దీపాలున్న పనులు ఒక్కపారి చూడున్రి. ఊరి కరెంటుల సగం దగ్గర వాళ్ల పేరు మీదనే పోతుంది."

"సగమా?" అన్నాడు. నమ్మలేనట్టు కాదు, వినకుండా ఉంటే బాగుండేదన్నట్టు.

"మీ నాయిన బంతితోట లైట్లు కూడా అండ్లనే ఉన్నయి. ఆ తోట ఎండి ఎన్నేండ్లాయె?"

కళ్లద్దాలు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు. "ఆ లైట్లు ఆర్పుడు నాతోని కాదు వినోదమ్మా. ఆయనకు దీపమొచ్చినప్పుడు నేను ఆయన కాడ లేను. గా బాకొక్కటి తీరుస్తున్న."

"అయితె వదినె కోసం నేనొక కొత్త గీత గీస్త. ఏ ఉద్దేశానికి కలపాల్నో చెప్పున్రి."

"ఏ ఉద్దేశానికి కలుపుతవు? నలుగురికన్న తక్కువున్న లెవెల్‌ను ఇల్లనరు. ఇల్లు కాని జాగకు గాలి గీత పోదు. నీ పటంల ఉన్న నియమమే."

"ఒక్క మనిషి ఊపిరి ఊరి ఉద్దేశం కాదా సార్?"

"సభల పెడితె కాదని ఒక్కలనరు. దాని కోసం ఏది ఆపుదమంటె ఒక్కలు నోరిప్పరు." కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని నా వైపు చూశాడు. "నువ్వు ఓదెలు బ్లోయరు ఆపుతవా? లెక్క సూసిన. అది ఆగితె మూడో లెవెల్ పంకాకు సరిగ్గ సరిపోతది."

నేను అప్పటికే ఆ లెక్క చూశానని చెప్పలేదు. పటం మీద ఆ రెండు యంత్రాల అంకెలు పక్కపక్కన పెట్టినప్పుడే తెర మూసేశాను. లేచి వచ్చేశాను.

నమోదు 320

ఓదెలు సెల్లు గూట్లో ఉంటుంది. రోజూ తుడుస్తాను, చార్జింగు పెడతాను. అద్దం మీద అతని బొటనవేలి చోటు అరిగి మసకగా ఉంది. ఈ ఉదయం దాన్ని చేతిలోకి తీసుకుని, జవాబు మార్చు అన్న మీట నొక్కి, వద్దు అని నొక్కాను.

రాయడానికి ఒక్క ముక్కే. ఆ తర్వాత వంట చేయలేదు. మంచం మీద పడి చాలాసేపు ఏడ్చాను. బతికున్న మనిషి కోసమే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. అయినా చెయ్యి నాది కాదన్నట్టే ఉంది.

షిఫ్టు సైరన్ మోగింది. హాల్లోకి వచ్చి స్పీకరు కింద నిలబడ్డాను. హోరు ఆగలేదు. తెర దగ్గరికి పరుగెత్తి చూస్తే వాన చెవి పచ్చగానే ఉంది. జవాబు, కావాలి. నేను వద్దన్న తర్వాత ఎవరో మార్చారు. భార్యకు ఎంత హక్కుందో తోడబుట్టిన దానికీ అంత హక్కుంది. ఓదెలు ప్రశ్న ఆమె సెల్లుకు కూడా పోతుందన్న సంగతి నాకు తట్టనే లేదు.

నమోదు 321

కోపంతోనే దిగాను. మూడో లెవెల్ మెట్ల దగ్గరే చల్లగాలి మొహానికి తగిలింది. సమ్మక్క నన్ను చూసి సెల్లును దిండు కింద పెట్టింది.

"వదినె, ఎందుకు మార్చినవ్?"

"నువ్వెందుకు మార్చినవ్?"

"నీ పంకా ఆగిపోతది. ఆగితె నువ్వు బతుకవు. నీకెరుకే గద."

"ఎరుకే." మాటకూ మాటకూ మధ్య ఊపిరి కూడదీసుకుంది. "నేను ఆరేండ్ల పిల్లప్పుడు వాన పడ్డది. అదే ఆఖరిది. నాకు మంచిగ యాదికున్నది. ఓదెలు అప్పటికి పుట్టలే. వానికి ఎన్నిసార్లు చెప్పిన్నో. చెప్పినప్పుడల్ల ఇంకోసారి చెప్పక్కా అంటడు. గా రేకు కోసమే పైకి పోయిండు. నేను చెప్పిన వానకోసమే పోయిండు. ఇప్పుడు నా ఊపిరికి వాని చెవి మూస్తవా?"

"ఇనేటందుకు ఆయన లేడు వదినె."

"లేడనకు." గట్టిగా అనబోయి దగ్గులో పడింది. వీపు నిమిరాను. దగ్గు తగ్గడానికి చాలాసేపు పట్టింది. "ఊరంత పెట్టుకున్నదే గదనే. నేనొక్కదాన్ని తీసెయ్యాల్నా?"

నేను పటం మనిషిని. ఏ పని ఎందుకు ఉండాలో, ఏది పోవాలో నిలదీసి అడిగి తేల్చడమే నా ఉద్యోగం. ఆ మంచం దగ్గర మాత్రం దుప్పటి సర్దుతూ కూర్చున్నాను. దిండు కింది నుంచి సెల్లు లాక్కోవాలనిపించింది. లాక్కోలేదు. జావ తాగించి, కోత ముగిసేలోపు మళ్లీ వస్తాను, అప్పుడు చూద్దాం అని చెప్పి వచ్చేశాను.

నేను మళ్లీ మారుస్తానని ఆమెకు తెలుసు.

నమోదు 324

కూర్చుని రాయడానికి ఇప్పటికి వీలు చిక్కింది.

ఓదెలు జవాబు నేను మళ్లీ మారుస్తానని తెలిసే, నేను మెట్లెక్కి వచ్చేలోపు సమ్మక్క తన ప్రశ్నకు జవాబు పెట్టింది. మూడో లెవెల్ గాలి, యజమాని సమ్మక్క, వద్దు. సైరన్‌కు పంకా ఆగింది. నేను ఓదెలు సెల్లులో వద్దు నొక్కి పోశం సార్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన పాపం తాళాలు తీసుకుని నాతో పాటే స్విచ్చుల గదికి వచ్చాడు. అక్కడ ప్రోగ్రాము ఒప్పుకోలేదు. యజమాని బతికుండి తన నోటితో వద్దన్నాక, ఎంత కరెంటు మిగిలినా ఆ పంకా తిరగదు. ఎవరి పని వాళ్ల మాట మీదే నడవాలని, పైవాళ్లు జులుం చేయకూడదని పెట్టిన నియమం. మంచి నియమమే. నేనే మెచ్చుకుని కొత్త పటంలోకి ఎక్కించాను.

"వదినె చేత కావాలి నొక్కియ్యి," అన్నాడు పోశం సార్.

నొక్కలేదు. బతిమిలాడాను, తిట్టాను, కాళ్లు పట్టుకున్నాను. సెల్లు ఎక్కడ పెట్టిందో చెప్పలేదు. నలుగురం కలిసి రెండో లెవెల్‌కు ఎత్తుకుపోతే పొగకు గిలగిల్లాడింది. మళ్లీ దించాం. ఆగిన పంకా రెక్కల ముందు అట్ట ముక్కతో విసురుతూ కూర్చున్నాను. నిలిచిపోయిన గాలిని విసిరితే ఏమొస్తుంది?

"ఓదెలు జొన్నలు పోసేటోడు సూడు," అంది ఒకసారి. "గట్ల ఉండదే వాన. వానికి గట్లనే చెప్పిన గని, గట్ల ఉండదు."

"మరి ఎట్లుంటది వదినె?"

చెప్పడానికి ఊపిరి సరిపోలేదు. చెయ్యి పైకెత్తి ఏదో చూపించబోయింది. ఆ చెయ్యి పట్టుకునే ఉన్నాను.

తెల్లచీర మల్లమ్మక్క తెచ్చింది. నేను తెర దగ్గరికి వచ్చి సమ్మక్క పేరు పక్కన దీపం పెట్టాను. అది నా ఉద్యోగం కాబట్టి ఇంకొకరికి చెప్పడానికి లేదు. తర్వాతి సైరన్ మోగకముందే ఓదెలు సెల్లులో వద్దును మళ్లీ కావాలి చేశాను. ఆమె కోరింది అదొక్కటే కదా.

నమోదు 326

మనసు బాగాలేదు, తల పగిలిపోతోంది. అయినా ఇది రాయకపోతే నా తర్వాత వచ్చే వాళ్లకు ఈ ఊరు అర్థం కాదు.

పొద్దున పటం తెరిస్తే మూడో లెవెల్ పంకా పచ్చగా ఉంది. తిరుగుతోంది. కళ్లు నులుముకుని మళ్లీ చూశాను. యజమాని సమ్మక్క, దీపం. జవాబు, కావాలి. ఆమెకు రక్తసంబంధం ఎవరూ మిగల్లేదు కాబట్టి ఊరి తరఫున పోశం సారే తన సెల్లులో గొంతు నిలిపాడు. హాల్లో పదిమందీ చేరి ఒక మాట మీదికి వచ్చారట. నన్ను పిలవలేదు, దుఃఖంలో ఉన్నానని. మనిషి ఉన్నప్పుడు దొరకని కరెంటు దీపం వచ్చేసరికి దొరికింది. దీపం ఉన్న పనికి కోత లేదు.

దొరికిందంటే ఎక్కడి నుంచో రావాలి. బడి పంకా వేగం తగ్గించారు. రెండో లెవెల్లో బడి దగ్గరికి పోయి తొంగిచూశాను. ఎక్కాలు చెప్పాల్సిన పిల్లలు బల్లల మీద తలలు పెట్టి నిద్రపోతున్నారు. పంతులమ్మ కూడా గోడకు ఒరిగి ఉంది. లేపితే ఉలిక్కిపడి, "ఉక్కపోతకు కండ్లు మూతలు పడుతున్నయమ్మా," అంది.

పోశం సార్ ఎదురొచ్చాడు. మొహంలో కాస్త తృప్తి ఉంది. "సమ్మక్క గొంతు నిలిపినం వినోదమ్మా. ఊరు మర్వలే," అన్నాడు. నాకు మీద పడి రక్కాలన్నంత కోపం వచ్చింది. ఆయన కళ్లలో నీళ్లు చూసి పక్కకు తప్పుకున్నాను. వాళ్లు ప్రేమతోనే చేశారు. ఈ బాయిలో ఎవరూ ఎవరికీ చెడు తలపెట్టలేదు.

నమోదు 327

మొదటి షిఫ్టులో మూడో లెవెల్‌కు దిగాను, ఓదెలు సెల్లు కొంగున కట్టుకుని. మెట్ల దగ్గర అదే చల్లగాలి. పంకా నిండుగా తిరుగుతోంది. మంచం మీద దుప్పటి అంచు ఎగురుతోంది. మూడు దిండ్లూ అలాగే ఉన్నాయి, మధ్యలో వీపు ఆనిన గుంట కూడా పోలేదు. అక్కడ కూర్చుని గట్టిగా ఊపిరి పీల్చాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. పొగ వాసన లేదు, దుమ్ము లేదు. ఆ హాయి ఒళ్లంతా కంపరంగా అనిపించింది. ఇది ఆమెకు రావాల్సిన గాలి. ఆమె లేదు, గాలి వస్తోంది.

సమ్మక్క సెల్లు పంకా వెనక, రెంచీలు పెట్టే డబ్బాలో దొరికింది. తమ్ముడి పెళ్లాన్ని కాబట్టి నాకూ మీట ఒప్పుకుంది. మూడో లెవెల్ గాలి, ఇంకా కావాలా? వద్దు.

తర్వాత కొంగు ముడి విప్పాను. వాన చెవి, ఇంకా కావాలా? ఇక నా జవాబు మార్చడానికి కింది లెవెల్లో ఎవరూ లేరు. ఆమె ఊపిరి ఇచ్చి నిలిపిన చెవి ఇది. దాన్ని నేను మూస్తే ఆమె ఊరికే పోయినట్టవుతుందని నిన్నంతా అనుకున్నాను. అలా అనుకునే కదా ఊరంతా ఒక్కొక్క మీటా నొక్కుతూ వచ్చింది. బల్లల మీద వాలిన పిల్లల తలలు గుర్తు చేసుకున్నాను. ఏడుస్తూనే వద్దు అని నొక్కాను.

సైరన్ మోగే వేళకు హాల్లోకి వచ్చి స్పీకరు కింద నిలబడ్డాను. పైన బ్లోయరు ఆగినట్టుంది, హోరు సన్నబడింది. కాసేపు ఇసుక జారుతున్న చప్పుడు వినిపించింది. రేకు మీద సన్నగా, ఆగకుండా. జొన్నలు పోసినట్టే ఉంది. ఆ తర్వాత అది కూడా కప్పుకుపోయింది, ఏ చప్పుడూ లేదు. ఇక పైన వాన పడినా మాకు తెలియదు.

నేను పుట్టిన దగ్గర నుంచి ఈ హాలు ఇంత నిశ్శబ్దంగా ఎన్నడూ లేదు. ఒక్కొక్కరే గదుల్లోంచి బయటికి వచ్చి స్పీకరు వైపు చూస్తూ నిలబడ్డారు. రెండో లెవెల్ నుంచి బడి పంకా వేగం పెరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. ఇన్నాళ్లూ ఆ హోరులో అది వినపడేదే కాదు. మల్లమ్మక్క చమురు డబ్బాతోనే పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందే చెల్లె? ఎవరికి దీపమొచ్చింది?"

"దీపం కాదు అక్కా," అన్నాను. ఆ మాట నోటితో అనడం నాకు అదే మొదలు. "ఓదెలు చచ్చిపోయిండు."

ఆమె డబ్బా కింద పెట్టి, నా పక్కన నేల మీద కూర్చుంది.